పొగ లేని బండి

మూడో ఇంజన్ కూడా మాడిపోయింది. ఆ నింద నూనె బాబాయి మీద పడింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి బళ్ళకి ఇంధనం కలిపిన మనిషి ఒక్క ఎదురు మాట చెప్పకుండా, తన కొలత గ్లాసు గుడ్డలో చుట్టుకుని, సంచి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. పొమ్మన్నది కొడుకు. ఆగమని అననిది తండ్రి. ఆ ఇద్దరి మధ్యా నూనెగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడిపోయింది కోడలు. పోయిన వారం వాళ్ళని మనం అక్కడే వదిలి వచ్చాం.

ఇవాళ ఆదివారం. సాయంత్రం నాలుగింటికి రిమోట్ బళ్ళ పందెం ఫైనల్.

కోడలు పొద్దున ఏడింటికే మైదానం షెడ్డులో తమ టేబుల్ దగ్గర కూర్చుంది. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి. మూడు వారాలుగా ఇదే పని. బండి విప్పడం, మట్టి దులపడం, ఫిల్టర్ స్పాంజి కడిగి నూనె పట్టించడం, మాడిన ఇంజన్ తీసి కొత్తది బిగించడం, నాలుగైదు ట్యాంకుల ఇంధనం అయ్యేదాకా దాన్ని నెమ్మదిగా తిప్పి అలవాటు చేయడం, అది ఓ దారిన పడిందనుకునేలోపు మళ్ళీ విప్పడం. ఇంధనం తగిలి తగిలి వేళ్ళ చివర్లు పగిలిపోయాయి. ఇంటికెళ్ళి ఎంత రుద్ది కడిగినా ఆ వాసన వదలదు. అన్నం కలుపుకుంటే అన్నం ఇంజన్ వాసన వేస్తుంది.

చూడ్డానికి ఆ బళ్ళు మోకాలి ఎత్తు కూడా ఉండవు. అలాగని బొమ్మలంటే ఆ షెడ్డులో ఎవరూ ఊరుకోరు. పిడికిలంత ఇంజన్ నిమిషానికి ముప్పైవేల చుట్లు తిరుగుతుంది. నడిపేవాళ్ళు మైదానం పక్కన మంచె మీద నిలబడి, రిమోట్ పట్టుకుని నడుపుతారు. నడిపేది ఆమె భర్త. ఇంజన్‌ని దారిలో పెట్టేది మామయ్య. విప్పి, కడిగి, బిగించేది ఆమె. ఇంధనం కలిపేది బాబాయి. కాదు, కలిపిన వాడు.

ముందున్న తువ్వాలు మీద మాడిన ఇంజన్లు మూడూ వరసగా పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే సరిగ్గా తెలియదు. చెత్తలో వేయబోయి, చెయ్యి రాక, ఒకసారి చూద్దామనుకుంది. మూడింటికీ పిస్టన్ నెత్తి నల్లబడింది. సిలిండర్ లోపల గీరుకుపోయిన చారలు. ప్లగ్గులో ఉండే సన్నటి తీగ మెలితిరిగి బూడిదరంగుకి వచ్చేసింది. ఇంధనం చాలక, వేడెక్కి చచ్చిన ఇంజన్ ఇలాగే ఉంటుంది. అది అందరికీ తెలిసిందే. నూనె తక్కువ కలిపాడని బాబాయిని అన్నదీ ఇది చూసే.

అప్పుడు సూదుల వంక చూసింది.

కార్బురేటర్ మీద ఒక సూది మర ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే ఇంజన్‌కి అందే ఇంధనం తగ్గుతుంది. పరుగు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. వదులు చేస్తే పొగ ఎక్కువ, పరుగు తక్కువ, ఇంజన్ మాత్రం హాయిగా బతుకుతుంది. ఆ రెండింటికీ మధ్య వెంట్రుకవాసి చోటు ఉంది. గెలుపు అక్కడే ఉంటుంది. ఆ చోటు ఎక్కడుందో మామయ్య చెవికి తెలుసు. బండి ఒక్క చుట్టు తిరిగితే చాలు, తల పక్కకి వంచి విని, ఇంత అని తిప్పేవాడు. అందుకే మైదానంలో అందరూ ఆయన్ని చెవి మాస్టారు అంటారు. వేడి కొలిచే తుపాకీ అందరి టేబుళ్ళ మీదా ఉంటుంది, ఆయన టేబుల్ మీద ఉండదు. అది చెవుల్లేని వాళ్ళకిరా అనేవాడు.

కోడలు తన పద్ధతిలో తాను, కొత్త ఇంజన్ వచ్చినప్పుడే సూది ఉన్న చోట గోళ్ళరంగుతో ఒక చుక్క పెడుతుంది. దారిలో కుదుపులకి కదిలిందా లేదా చూసుకోవడానికి. గడియారం ముల్లు ఒక గంట జరిగినంత దూరాన్ని వాళ్ళింట్లో గీత అంటారు. ఎండకి ఒక గీత ఇటు, చలికి ఒక గీత అటు జరగడం మామూలే. ఆ మూడింట్లోనూ చుక్క దాటి మూడు గీతలు బిగిసి ఉంది. మూడింట్లోనూ ఒకేలా.

సూది మీద చెయ్యి వేసేది ఈ ఇంట్లో ఒక్క మామయ్యే.

"ఏవమ్మా, శవాలని వరసపెట్టావు?" పక్క టేబుల్ నుంచి పళ్ళ డాక్టరు తొంగి చూశాడు. వారమంతా జనం పళ్ళు పీకి ఆదివారం బళ్ళు తోలే మనిషి. "మీ ఇంజన్లు నా పేషెంట్ల పళ్ళకంటే తొందరగా ఊడుతున్నాయే!"

"మీ దగ్గర ఊడేవి మళ్ళీ మొలవవు కదండీ. మాకు పెట్టెలో ఇంకోటుంది," అంది కోడలు, తువ్వాలు మడిచేస్తూ.

"ఒక్కటేగా ఉంది?"

"ఒక్కటే."

ఆ ఒక్కటి బండిలో ఉంది. పొద్దున్నే మామయ్య దాన్ని ఒక చుట్టు తిప్పించి, తల వంచి విని, సూది బిగించాడు. అప్పుడు ఆమె అక్కడే ఉంది. ఆ కూత సన్నగా, పైపైకి పోతున్నట్టు ఆమె చెవికి తగిలింది. మాట నోటిదాకా వచ్చింది. మామయ్య చెవి ముందు తన చెవి ఏపాటిదిలే అని మింగేసింది. మూడు వారాలుగా ఇలాగే మింగుతోంది. ఆ సంగతి ఇప్పుడు తువ్వాలు మడుస్తుంటే తెలిసింది.

పదకొండింటికి డ్రైవర్లందరినీ నియమాలు చెప్పే మీటింగుకి పిలిచారు. భర్త వెళ్తూ, "టైర్లు చూసి పెట్టు," అన్నాడు. "కొట్టు నుంచి తెచ్చిన డబ్బాయే పొయ్యి. బాబాయి పాత డబ్బాలోది చుక్క కూడా కలపకు." ఆమె తల ఊపింది. ఆయన అటు వెళ్ళగానే టేబుల్ కింద నుంచి ముసలమ్మని తీసింది.

ముసలమ్మ అంటే వాళ్ళ పాత బండి. పదేళ్ళనాటిది. నేర్చుకునే వాళ్ళకి ఇచ్చి తిప్పించే బండి. పోయినా ఎవరూ ఏడవరు. దాని సూదిని కోడలు కావాలనే చుక్క దాటించి మూడు గీతలు బిగించింది. షెడ్డు వెనక లారీలు తిప్పుకునే సిమెంటు జాగాకి పట్టుకెళ్ళి స్టార్ట్ చేసి, వచ్చి మామయ్యని పిలిచింది.

ఆయన కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. రెండోసారి పిలిస్తే కాదు, భుజం తడితే లేచాడు.

"మామయ్యా, ముసలమ్మని తిప్పుతున్నాను. ఒక్కసారి వచ్చి కళ్ళు మూసుకుని చెప్పండి."

"ఇప్పుడా ఆటలు? ఫైనల్ నెత్తిన పెట్టుకుని?"

"ఎన్నాళ్ళయిందో మీరు చెప్పి. పెళ్ళయిన కొత్తలో ఆరు బళ్ళు వరసగా తిప్పించి, కళ్ళు మూసుకుని ఏ బండికి ఎంత తక్కువో చెప్పారు. నేను చప్పట్లు కొట్టాను."

మామయ్య మొహం విప్పారింది. అది చూసి ఆమె చూపు తిప్పుకుంది. ఏనాడూ ఆయన్ని మోసం చేసి ఎరగదు.

"నువ్వు కొట్టలేదు," అన్నాడాయన నడుస్తూ. "కొత్తకోడలివి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడ్డావు. చప్పట్లు కొట్టింది బాబాయి."

ఆ పేరు తెచ్చింది ఆయనే. తెచ్చాక నడక వేగం పెంచాడు.

బోర్లించిన చెక్కపెట్టె మీద మామయ్య కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కోడలు రిమోట్ నొక్కింది. ముసలమ్మ గోడ దాకా దూసుకెళ్ళి తిరిగి వచ్చింది. ఆ కూతకి ఆమె పళ్ళు పులిసినట్టయ్యాయి. సన్నటి తీగని రాయి మీద గీస్తున్నట్టుంది. ఏ పిల్లాడికి వినిపించినా చెవులు మూసుకుంటాడు.

మామయ్య తల పక్కకి వంచాడు. ఎప్పుడూ వంచినట్టే.

"గొంతులో కఫం ఉంది దానికి," అన్నాడు. "ఇంకా విప్పుకోలేదు. ఒక గీత బిగించు."

ఆమె బండిని దగ్గరికి తెచ్చి, వంగి, ఒక గీత బిగించింది. మళ్ళీ తోలింది. కూత ఇంకా పైకి పోయింది. బండి వెనక మామూలుగా నీలంగా సాగే పొగ పోచ కూడా లేదు. ఎండలో సిమెంటు నేల, దాని మీద పరిగెత్తే బండి, అంతే.

"ఆఁ, ఇప్పుడు కాస్త నయం," అన్నాడు మామయ్య కళ్ళు మూసుకునే. "ఇంకో అర గీత పడుతుంది. ఏమే అమ్మాయ్, వింటున్నావా? ఎండ పెరిగేకొద్దీ..."

ఆమె పలకలేదు. ఆయన రెండు క్షణాలు ఆగి కళ్ళు తెరిచాడు. బండి అప్పుడే గోడ దగ్గర తిరిగి, ఆయన వైపు వస్తోంది.

"పొగేదీ?" అన్నాడు.

"పొగ ఎప్పుడో ఆగిపోయింది మామయ్యా."

ఆమె రిమోట్ వదిలేసింది. వదిలినా ఇంజన్ వేగం దిగలేదు. తనంత తానే పైపైకి అరిచి, టక్కున ఆగిపోయింది. మామయ్య లేచి నెమ్మదిగా వెళ్ళి బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళ సీసాలో వేలు ముంచి ఇంజన్ నెత్తి మీద ఒక చుక్క వేశాడు. చుక్క చుయ్‌మని ఎగిరి మాయమైంది. ఆ చుయ్ ఆమె విన్నది. ఆయన చూశాడు.

చూస్తూనే ఆయన చేతులు వాటి పని అవి చేశాయి. చక్రాన్ని బొటనవేలితో తిప్పి పిస్టన్‌ని కిందికి దించాయి. వేడి ఇంజన్ ఆగితే పిస్టన్ పైన ఉండిపోకూడదు. చల్లారేటప్పుడు సిలిండర్ దాన్ని కరుచుకుని, ఆ తర్వాత జన్మంతా వదులుగానే ఉంటుంది. ఈ ఇంట్లో ఎవరు ఏడుస్తున్నా, నవ్వుతున్నా ముందు పిస్టన్ దించి ఆ తర్వాతే ఏ మాటైనా.

"ఎప్పట్నుంచి మామయ్యా?" అంది. ఆయన తలెత్తకపోతే ఇంకాస్త గట్టిగా అంది.

"అరవకు. మాటలు వినిపిస్తాయి. మగవాళ్ళవి బాగానే వినిపిస్తాయి. నీవీ, మీ అత్తయ్యవీ చివర్లు తెగిపోతాయి." నుదుటి చెమట తుడుచుకున్నాడు. నుదుటికి నూనె అంటింది. "పైన ఉండే చప్పుళ్ళు పోయాయి. తలుపు గంట పోయింది. సెల్లు అలారం పోయింది. మొదట్లో మనకీ ఒక తుపాకీ ఉండేది, గుర్తుందా? వేడెక్కితే కీచుమనేది. ఒకరోజు అనడం మానేసింది. పాడయిందని పారేశాను. నెల తర్వాత తెలిసింది, పాడయింది తుపాకీ కాదని."

"మరి ఇంజన్?"

"అడుగు గొంతు వినిపిస్తుంది. పై గొంతు వినపడదు. అందుకని ఎప్పుడు విన్నా ఇంధనం ఎక్కువైనట్టే, ముద్దగానే ఉంటుంది నాకు. బిగిస్తాను. అలాగే ఉంటుంది. ఇంకా బిగిస్తాను."

"బాబాయి గారిని పొమ్మన్నప్పుడు మీకు తెలుసా?"

మామయ్య ముసలమ్మ టైరుకి అంటిన మట్టిని గోటితో గీకుతున్నాడు. గీకడం అయ్యాక కూడా గీకుతూనే ఉన్నాడు.

"అనుమానం ఉంది. చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిచేలోపు వాడు గేటు దాటేశాడు."

"గేటు దాకా వంద అడుగులు మామయ్యా. మోకాళ్ళ నొప్పుల మనిషి. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎంతసేపు పట్టిందో నేను చూస్తూనే ఉన్నాను."

ఆయన తల వంచుకున్నాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. మామయ్యకి కోపం వస్తే ఎలా ఉండాలో తెలుసు. ఇలా తల వంచుకుని కూర్చుంటే ఎక్కడ నిలబడాలో కూడా తెలియడం లేదు.

"ఒక్క ఇవాళ్టికి ఊరుకో తల్లీ," అన్నాడు చివరికి. "సూది నువ్వు సరిచెయ్యి. నీ చెవి మంచిది, నాకు తెలుసు. నేను పక్కన నిలబడి స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను. చూసేవాళ్ళకి నేనే తిప్పినట్టుంటుంది. ఫైనల్ అయిపోనీ. రేపు నేనే చెబుతాను."

సరే అనాలనిపించింది. నిజంగానే అనిపించింది. సరే అంటే ఎంత సుఖం! ఒక్క తల ఊపుతో ఈ పూటకి గొడవ తప్పుతుంది. సాయంత్రం ఇంటికెళ్ళి, స్నానం చేసి, పడుకోవచ్చు. రేపు రానూ రాదు, ఆయన చెప్పనూ చెప్పడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వచ్చే ఆదివారమూ ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడతాడు, తను వంగి తిప్పుతుంది. బాబాయి ఎక్కడో తన ఇంట్లో, కల్తీగాడు అనిపించుకుని కూర్చుంటాడు.

"నాకు ఓపిక లేదు మామయ్యా," అంది నెమ్మదిగా, ఆయనకి పెదవులు కనిపించేలా ఎదురుగా వచ్చి. "మీ చెవి పని నేను చేస్తాను. ఎన్నాళ్ళయినా చేస్తాను. బాబాయి గారి మీద పడ్డ మాట కూడా మొయ్యమంటే మాత్రం నా వల్ల కాదు. ఇప్పటికే నడుం విరిగిపోయింది."

షెడ్డు అవతల ఎవరో డబ్బాలు సర్దుకుంటున్నారు. మామయ్య జేబులోంచి ఫోన్ తీసి ఆమెకిచ్చాడు.

"నువ్వే చెయ్యి. ఫోన్లో నాకు సగమే అందుతుంది. తప్పు నాదని చెప్పు."

రెండు మోతలకే ఎత్తాడు బాబాయి. ఎదురు చూస్తున్నట్టుగా.

"బాబాయి గారూ, నేను. మామయ్య పక్కనే ఉన్నారు. ఆయనకి..."

"చెవి పోయింది. అదే కదా?"

ఆమె మామయ్య వంక చూసింది.

"వాడికంటే ముందే నాకు తెలుసమ్మా. రెండేళ్లయింది. ఒకరోజు వెనక నుంచి బండి కీచుమంటూ వస్తుంటే పక్కకి జరగలేదు వాడు. కాలికి తగిలించుకున్నాడు. చెవి మాస్టారు బండి తగిలించుకోవడమా! అప్పుడే అనుకున్నాను." బాబాయి దగ్గాడు. "వాడు సూది బిగిస్తుంటే నేను నూనె పెంచుకుంటూ వచ్చాను. నూటికి పది పొయ్యాల్సిన చోట పద్నాలుగు పోశాను. ఇంధనం తక్కువైనా, నూనె ఉంటే ఇంజన్ ఓర్చుకుంటుంది. రెండేళ్ళు ఎవరికీ తెలియకుండా వాడి చెవిని నేను నూనెతో కప్పెట్టాను."

"మరి ఇప్పుడు ఎందుకు..."

"మీ ఆయన వచ్చి, బాబాయ్, పొగ మరీ ఎక్కువుంది, బండి బరువుగా పోతోంది, పుస్తకంలో రాసినట్టు కలుపు అన్నాడు. కలిపాను. పుస్తకంలో మీ మామయ్య చెవి సంగతి రాయలేదు కదమ్మా."

"అప్పుడైనా చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? మీ నాన్న చెవిటివాడయ్యాడురా అని వాడి కొడుక్కి నేను చెప్పనా? కల్తీగాణ్ణి అనిపించుకోవడం అంతకంటే తేలిక." గొంతు మారింది. "అమ్మాయ్, ఇవాళ ఏం పోశారు బండిలో?"

"కొట్టులో కొన్న డబ్బా. నూటికి తొమ్మిది నూనె అని రాసుంది."

"సూది?"

"పొద్దున మామయ్య... నేను నాలుగింటిలోపు సరిచేద్దామని..."

"ఫోన్ పెట్టెయ్. ముందు వెళ్ళి ఆ బండిని కదలకుండా చూడు."

ఆ మాట అవుతుండగానే మైదానం వైపు నుంచి కూత లేచింది. పది బళ్ళ మోతలోంచి ఆ ఒక్కటీ విడిగా, సూదిలా పైకి. ఫైనల్ బళ్ళకి ఇచ్చే పది నిమిషాల ప్రాక్టీసు. మీటింగు తొందరగా ముగిసినట్టుంది, భర్త బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మామయ్య మొహంలోకి చూసింది. ఆయన ఫోన్ వంక చూస్తున్నాడు, వాడు నన్ను ఏమన్నాడని అడగబోతున్నట్టు. ఆ కూత ఆయన దాకా రాలేదు.

"బండి! తిప్పుతున్నారు!" అని చేత్తో అటు చూపించి పరిగెత్తింది.

కంచె దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. భర్త మంచె మీద పదిమంది మధ్య రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు బండి మీదే.

"ఏవండీ! లోపలికి తెండి! బండి లోపలికి!"

"నాన్న చెప్పాడా?" ఆయన తల తిప్పలేదు.

"నేను చెబుతున్నాను!"

"నాన్న చెప్పనీ! ఇవాళ ఎలా పోతోందో చూశావా?"

అది వాళ్ళ పద్ధతి. మంచె మీద ఉన్నప్పుడు బండిని వెనక్కి పిలిచే హక్కు సూది పెట్టిన వాడిదే. పెళ్ళామైనా, దేవుడైనా పిలిస్తే బండి రాదు. పళ్ళ డాక్టరు కంచె మీద మోచేతులు ఆనించి, "ఏవమ్మా, మాస్టారి మీద తిరుగుబాటా?" అని నవ్వాడు. బండి ఎదురుగా వంపు తిరిగి వెళ్ళింది. దాని వెనక గాలి శుభ్రంగా ఉంది.

మామయ్య వచ్చాడు. వచ్చీ రాగానే బండి వెనక చూశాడు. కంచె కడ్డీ పట్టుకుని, ఉన్న గొంతంతా తీసి అరిచాడు.

"ఆపరా! ఆపెయ్!"

"ఎందుకు నాన్నా? అదరగొడుతోంది కదా!"

ఆ మోతలో కొడుకు ఏమన్నాడో అందలేదని మామయ్య కళ్ళు చెబుతూనే ఉన్నాయి. కోడలు చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన చేత్తో వద్దన్నాడు.

"నా చెవి పోయిందిరా!" అని కేక పెట్టాడు. "రెండేళ్లయింది! సూది నేను తప్పు బిగించాను. ముందు మూడూ నేనే మాడ్చాను. బాబాయి తప్పు లేదు. ఆపెయ్!"

కంచె పొడుగునా మనుషులు తిరిగి చూశారు. పళ్ళ డాక్టరు మోచేతులు తీసేశాడు. మంచె మీద పక్కవాడు కూడా బండి వదిలి మామయ్యనే చూశాడు, వాడి బండి వెళ్ళి గడ్డిలో పడింది. భర్త వేలు రిమోట్ మీంచి జారింది. బండి ఊపు తగ్గి, కూత దిగకుండా అరుస్తూనే వచ్చి, కంచె పక్కన ఇంజన్ ఆరి ఆగిపోయింది.

కోడలు కంచె కింద నుంచి దూరి బండి అందుకుంది. గుడ్డ మడతపెట్టి పట్టుకున్నా వేడి చేతికి కొట్టింది. చక్రం తిప్పింది. పిస్టన్ పైకి వస్తుంటే బొటనవేలికి బిగువు తగిలింది. ఇంకోసారి తిప్పింది. బిగువు ఉంది. గరగర లేదు. బతికింది. పిస్టన్ కిందికి దించి, బండి ఒళ్ళో పెట్టుకుని మట్టిలోనే కూర్చుండిపోయింది.

"బాగుంది మామయ్యా," అంది, తల పైకీ కిందికీ ఊపుతూ. "సూది నేను పెడతాను. నాలుగింటికి పరిగెత్తుతుంది."

మామయ్య కంచె కడ్డీ మీద నుదురు ఆనించాడు.

భర్త మెట్లు దిగి వచ్చాడు. కోడలు ఆయన అరుస్తాడనుకుంది. తండ్రి మీదో, తన మీదో. ఆయన బండి వంక చూడనే లేదు. మొహంలో నెత్తురు లేదు.

"నాన్నా, మరి పొద్దున ఆ కాగితం..."

"ఏ కాగితం?" అన్నాడు మామయ్య, కొడుకు పెదవులు చూస్తూ.

"పందేల సంఘం ఆఫీసులో ఇచ్చిన కాగితం. బాబాయి కల్తీ ఇంధనం కలుపుతున్నాడనీ, ఇక ఏ మైదానంలోనూ అడుగు పెట్టనివ్వద్దనీ రాశాం కదా. నీకు చదివి వినిపించాను కదా నాన్నా! మొదటి నుంచి చివరిదాకా చదివాను. అన్నిటికీ తల ఊపావు."

"నేనా?"

"తల ఊపి, పెన్ను అడిగి మరీ సంతకం పెట్టావు. నీ సంతకం ఉందనే వాళ్ళు ఇంకేం అడగలేదు. చెవి మాస్టారే రాసిచ్చాక విచారణ ఎందుకు, మైకులో చదివేస్తామన్నారు."

మామయ్య కంచె కడ్డీ వదిలేశాడు. "ఆ బళ్ళ మోతలో ఒక్క మాటా అందలేదు. ఇంజన్ నంబర్ల కాగితం అనుకున్నానురా," అన్నాడు. "ఫైనల్‌కి ముందు ఇస్తారే, అదీ... ఈమధ్య అన్నిటికీ తల ఊపడం అలవాటైపోయింది."

కోడలు లేచి నిలబడింది. పరిగెత్తేటప్పుడు నడుం దగ్గర దోపుకున్న ఫోన్ తీసింది. పెట్టెయ్యమన్నా పెట్టలేదని అప్పుడు చూసుకుంది. లైను తెగలేదు. అవతల బాబాయి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు.

"దాన్ని ఎప్పుడు చదువుతామన్నారు?" అని భర్తని అడిగింది.

షెడ్డు కప్పు మీద మైకు గరగరమంది. ఒక గొంతు సవరించుకుని, ప్రాక్టీసు ముగిసింది, అందరూ ఒక్క నిమిషం ఆగండి, ముఖ్యమైన ప్రకటన అంది. ఏదో మోగిందని మామయ్యకి తెలిసింది. మాటలు అందలేదు. కొడుకు మొహమూ, కోడలి మొహమూ ఒకేసారి కప్పు వైపు తిరగడం చూశాడు. వాళ్ళు చూస్తున్న వైపు కాకుండా, సంఘం ఆఫీసు తలుపు వైపు తిరిగి పరుగెత్తడం మొదలుపెట్టాడు.